ఫ్లారెన్సు నైటింగేలు: పరిచారిక ధర్మము

ఫ్లారెన్సు నైటింగేలు 1820 మే 12వ తేదీన, ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున, సంపన్నమైన ఆంగ్ల కుటుంబమున జన్మించెను. ఆ కాలమున ఇంగ్లండు ఆసుపత్రులలో రోగిని కనిపెట్టి యుండుటతోపాటు నేల కడుగుట మున్నగు చాకిరియు నర్సుపైననే పడుచుండెను.

1853లో లండనులోని హార్లీ వీథి చికిత్సాలయమునకు అధికారిణియైన ఆమె, ప్రతి అంతస్తునకు వేడినీటి గొట్టములను, భోజనమును పైకి చేర్చు యంత్రమును కోరెను. నర్సు మాటిమాటికి మెట్లు దిగుచుండినచో రోగి చెంత నుండువా రెవ్వరు? 1854 నవంబరులో 38 మంది స్త్రీలతో స్కుటారి సైనిక వైద్యశాలను చేరి, బట్టలుతుకుటకు సైనికుల భార్యలను నియమించెను.

నర్సుచేత నేల తోమించుట శక్తిని వృథా చేయుటయే యని 1859 నాటి తన నర్సింగు గ్రంథమున ఆమె తెలిపెను. అయినను, రోగులకు తగిన గది లేనప్పుడు తామే మోకరిల్లి నేల తోమిన నిపుణులైన నర్సులను ఆమె కొనియాడెను. రోగి బాధపడుచుండగా పనిమనిషికై వేచియుండు స్త్రీ నర్సు కాజాలదని ఆమె యభిప్రాయము.

1860లో ఆమె పేర లండను సెయింటు థామసు ఆసుపత్రిలో శిక్షణ పాఠశాల వెలసెను. 1910 ఆగస్టు 13న ఆమె పరమపదించెను. ఆయాలు చాలని వార్డులలో వారి పనియు నర్సులకే అప్పగింపబడుచున్న నేడును ఆమె బోధ రెండు వైపుల వారికిని వర్తించును: రోగి అవసరమును కాదనరాదని నర్సునకు, ఆ త్యాగమునే నిత్యవిధిగా మార్చరాదని అధికారికి.