చరిత్ర పరిశోధకుడు మల్లంపల్లి సోమశేఖర శర్మ

కొల్లేరు అనగానే చేపలు, వలస పక్షులు, లంక గ్రామాలు గుర్తుకు వస్తాయి. కాని కర్ణాటకలోని ఐహోళెలో క్రీ.శ. 634 నాటి చాళుక్య శాసనం ఒక సరస్సు నీరు రక్తసిక్తమైన యుద్ధాన్ని వర్ణించింది. అందులో 'కునాల' అన్న పేరుతో ఉన్నది మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. ఏలూరుకు చేరువలోని పెదవేగి ఒకనాటి రాజధాని. ఉండి, భీమవరం మీదుగా పాలకొల్లు వరకు సాగితే అక్కడి క్షీరారామంలోనూ శాసనాలు కనబడతాయి. చదివేవారు లేనంతకాలం అవి రాతిమీది గీతలే. ఆ గీతలకు నోరిచ్చిన పండితులలో ఒకరు ఈ సీమలోనే పుట్టారు.

మల్లంపల్లి సోమశేఖర శర్మ 1891లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా పోడూరు మండలంలోని మినిమించిలిపాడులో జన్మించారు. పెద్ద పట్టాలేవీ ఆయనకు లేవు. ఉన్నది చరిత్రపై తీరని దాహం. మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' పనిలో చేరడం ఆయనకు విశ్వవిద్యాలయంలో చదివినంత మేలు చేసింది. ప్రతి మాటకూ ఆధారం చూపాలన్న నియమం అక్కడ అలవడింది. 1923లో లక్ష్మణరావు మరణంతో ఆగిన ఆ కార్యాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు తిరిగి చేపట్టినప్పుడు కూడా శర్మగారు అందులో పాలుపంచుకున్నారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్రశాఖలో పనిచేశారు. పట్టాలు లేని పండితుడికి ఆ పీఠం దక్కడం ఆనాటికే కాదు, ఏనాటికైనా అరుదే.

ఆయన కృషిలో మిక్కిలి విలువైనది ముసునూరి నాయకుల చరిత్ర. 1323లో ఓరుగల్లు పతనమైంది. అటుపిమ్మట రెడ్డిరాజ్యం స్థిరపడేవరకు ఆంధ్రదేశంలో ఏం జరిగింది? ఈ ప్రశ్నకు చాలాకాలం సరైన సమాధానం లేదు. శర్మగారు తామ్రశాసనాలను, సాహిత్యాన్ని, స్థానిక కథనాలను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. రెడ్డిరాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనంలో ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు, వారిని అనుసరించిన డెబ్బదియైదుగురు నాయకుల ప్రస్తావన ఉంది. వీటి ఆధారంగా 1945లో, మరచిపోయిన ఒక అధ్యాయాన్ని వెలికితీస్తూ ఆంగ్లంలో గ్రంథం ప్రకటించారు. అనంతర కాలంలో నేలటూరి వెంకటరమణయ్యతో కలిసి, ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనాన్ని పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రచురించారు. విలస కోనసీమలోని పల్లె. యుద్ధాలతో చితికిన డెల్టాలో అగ్రహారాలు, సేద్యం తిరిగి నిలదొక్కుకున్న వైనాన్ని ఆ రాగిరేకులు తెలుపుతాయి.

శర్మగారి నిర్ణయాలన్నింటితో తరువాతి పరిశోధకులు ఏకీభవించలేదు. కలువచేరు శాసనం ఆ సంఘటనలకు దాదాపు తొంభై ఏళ్ల తరువాతిది. కనుక అందులో ఎంత చరిత్ర, ఎంత జ్ఞాపకం అన్న చర్చ వచ్చింది. అయితే ఆ చర్చకు కావలసిన ఆధారాలను పేర్చిపెట్టినవారు కూడా ఆయనే.

1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆయన రెడ్డిరాజ్యాల చరిత్ర కేవలం రాజుల వంశావళి కాదు. పన్నులు, పంటలు, పండుగలు, వర్తకం, వేషభాషలు అందులో చోటుచేసుకున్నాయి. మోటుపల్లి రేవులో అనపోతారెడ్డి 1358లో సముద్రవర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనాన్ని, శ్రీనాథుని 'హరవిలాసము'లో కనిపించే అవచి తిప్పయ్యసెట్టి వ్యాపార వైభవాన్ని కలిపి చదివితే ఆనాటి తీరపట్టణం కళ్లకు కడుతుంది. కావ్యాన్ని కూడా సామాజిక చరిత్రకు సాక్ష్యంగా వాడుకోవచ్చునని, అయితే కవి అతిశయోక్తిని తూచి పుచ్చుకోవాలని ఆయనకు బాగా తెలుసు.

ఇటువంటి ప్రయత్నమే ఆ దశాబ్దాలలో మరో డెల్టాలోనూ జరిగింది. లిఖిత గ్రంథాలు తక్కువగా ఉన్న ఆఫ్రికాకు చరిత్రే లేదని కొందరు ఐరోపా పండితులు తేల్చివేశారు. నైజీరియా చరిత్రకారుడు కెన్నెత్ ఒన్వుకా డైకె 1956లో నైజర్ డెల్టా వర్తక రాజకీయాలపై గ్రంథం వెలువరించి ఆ మాటకు బదులిచ్చాడు. దొరతనం వారి పత్రాలతోపాటు స్థానికుల మౌఖిక సంప్రదాయాలను కూడా ఆయన సాక్ష్యంగా స్వీకరించాడు. తమ సమాజపు గతాన్ని తామే శోధించి రాసుకోవాలన్న పట్టుదల గోదావరి ఒడ్డున, నైజర్ ఒడ్డున ఒక్కటే.

శర్మగారు పండితులకోసమే రాయలేదు. 'ఆంధ్రవీరులు', 'అమరావతీ స్తూపము' వంటి తెలుగు రచనలు సామాన్య పాఠకులను ఉద్దేశించినవి. 'భారతి' పత్రికలోనూ ఆయన వ్యాసాలు వెలువడ్డాయి. 1960లో యజ్దానీ సంపాదకత్వాన వెలువడిన దక్కన్ ప్రాచీన చరిత్రలో ఓరుగల్లు కాకతీయుల అధ్యాయాన్ని వెంకటరమణయ్యతో కలిసి రాశారు. 1963 జనవరి 7న ఆయన కన్నుమూశారు. రెడ్డిరాజుల కాలాన్ని గురించి రాయబూనినవారు నేటికీ ముందుగా తెరిచే పుస్తకాలలో 1948 నాటి ఆయన గ్రంథం ఒకటి.