దామెర్ల రామారావు చిత్రకళాభ్యాసము

ఆంధ్రులు తమ కవులను స్మరించినంతగా తమ చిత్రకారులను స్మరించరు. పద్యము కంఠస్థమై ఊరూరా తిరుగుతుంది. చిత్రమో, ఉన్న గోడను విడిచి కదలదు. వెదకికొని వచ్చినవారికే దర్శనమిస్తుంది. ఈ కారణము చేతనే కాబోలు, దామెర్ల రామారావు పేరు విన్న విద్యార్థులు అనేకులున్నా అతని చిత్రములను కన్నులారా చూచినవారు కొద్దిమందియే. ఇరువదియెనిమిది సంవత్సరములైనా నిండని జీవితమతనిది. అందులో సగము విద్యాభ్యాసముతోనే గడచిపోయింది. అందుచేత అతని కథ ముఖ్యముగా ఒక విద్యార్థి కథ. అతడెవరి వద్ద ఏమి నేర్చినాడు, నేర్చినదానిలో దేనిని నిలుపుకొని దేనిని విడిచినాడు అనునవి చిత్రకళ నభ్యసించేవారికే గాక, ఏ విద్య నభ్యసించేవారికైనా తెలిసికొనదగిన విషయములు.

రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించినాడు. వీరేశలింగముగారి సంఘసంస్కరణోద్యమముతో మేల్కొన్న పట్టణమది. పుస్తకములకు, పత్రికలకు, సభలకు అక్కడ లోటు లేదు. కాని చిత్రలేఖనమును ఒక విద్యగా బోధించే పాఠశాల మాత్రము లేదు. బొమ్మలు గీయగల బాలునికి ఆ కాలములో ఇంట లభించేది మందలింపు. బడిలో లభించేది బెత్తము. రామారావుకు మాత్రము దొరకవలసిన సమయమున దొరకవలసిన గురువు దొరికినాడు.

రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు 1909 నుండి పది సంవత్సరములు అధ్యక్షులుగా ఉన్నవారు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ఆంగ్లేయుడు, రచయిత, స్వయముగా చిత్రకారుడు. ఆనాటి ప్రభుత్వ కళాశాలలు ఉద్యోగులను తయారు చేయుటకు ఏర్పడినవి. చిత్రకళ వాటి పాఠ్యక్రమములోని అంశము కాదు. అయినా కూల్డ్రే తన చుట్టూ చేరిన విద్యార్థులలో ఎవరికి ఏ వైపు అభిరుచి యున్నదో కనిపెట్టి, ఆ వైపునకే వారిని ప్రోత్సహించినారు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన శిష్యులే. వారిలో కుంచెనే జీవితముగా ఎన్నుకొన్నవాడు రామారావు.

కూల్డ్రే చేసిన మేలు ప్రోత్సాహముతో ఆగలేదు. ఆయన తలచుకొంటే పాశ్చాత్య చిత్రముల అచ్చు ప్రతులను ముందుంచి, వీటివలె గీయుమని శిష్యుని ఆదేశించవచ్చును. ఆనాటి దేశ పరిస్థితిలో అది సులభమైన దారి. పేరు, ధనము తెచ్చిపెట్టే దారి. ఆయన అట్లు చేయక, శిష్యులను అజంతా, ఎల్లోరాలకు తీసికొనిపోయినారు. ఈ దేశములో చిత్రము ఎంత ఎత్తునకు ఎదిగినదో ముందుగా చూపినారు.

అజంతాలో చిత్రము చట్రములో బిగించి గోడకు తగిలించేది కాదు. గోడయే చిత్రము, పైకప్పు చిత్రము, స్తంభము చిత్రము. వాఘోరా నది వంపున, గుఱ్ఱపు నాడా ఆకారములో నున్న కొండను తొలిచి, సుమారు ముప్పది గుహలను బౌద్ధులు నిర్మించుకొన్నారు. కఠినమైన రాతి గోడపై మట్టిని, గడ్డిని, ఊకను కలిపి మెత్తి, దానిపై సన్నని సున్నపు పూత పూసి, ఖనిజములనుండి తీసిన రంగులతో జాతక కథలను చిత్రించినారు. అక్కడి చిత్రకారులకు ప్రాణము రేఖ. చేతి వేళ్ల ఒంపును, కనురెప్ప వాలును, నడుము వంపును ఒక్క గీతతో పలికించినారు. భిక్షువు వసించే గదిని అలంకరించుటలో గూడ ఇంత సౌందర్యము పొదగవచ్చునని ఆ గోడలు బోధిస్తున్నవి. గోదావరీ తీరమునుండి వెళ్లిన విద్యార్థికి తొలి పాఠశాల ఆ గుహలే.

1916లో కూల్డ్రే ప్రోత్సాహముతో రామారావు బొంబాయిలోని జంషెట్జీ జీజీభాయ్ చిత్రకళాశాలలో చేరినాడు. పార్సీ వణిక్ప్రముఖుడు జంషెట్జీ ఇచ్చిన లక్ష రూపాయల విరాళముతో 1857లో నెలకొన్న విద్యాలయమది. అజంతాతో దానికి పాత సంబంధమున్నది. అక్కడి ఆచార్యుడు జాన్ గ్రిఫిత్స్ 1872 మొదలు తన విద్యార్థులను గుహలకు తీసికొనిపోయి, సుమారు పదమూడు సంవత్సరముల పాటు ఆ కుడ్యచిత్రములకు ప్రతులు వ్రాయించినారు. లండనుకు పంపిన ఆ ప్రతులలో అనేకము 1885లో అగ్నికి ఆహుతియైనవి. బొంబాయిలోని విక్టోరియా టెర్మినస్ రైలు భవనము శిల్పాలంకరణలోను ఆ కళాశాల విద్యార్థుల పనితనమున్నది. అంటే చిత్రమునకు, శిల్పమునకు, భవనాలంకరణకు నడుమ గోడలు కట్టని విద్యాలయమన్నమాట.

రామారావు ప్రతిభను చూచి అధ్యక్షులు సెసిల్ బర్న్స్ అతనిని నేరుగా పై తరగతిలో చేర్చుకొన్నారు. అక్కడి అభ్యాసక్రమము కఠినము. విద్యార్థి మొదట సున్నపు అచ్చు విగ్రహములను చూచి గీయవలెను. వెలుగు ఎక్కడ పడుతున్నది, నీడ ఎక్కడ మొదలగుచున్నది గుర్తింపవలెను. దూరమునకు పోయినకొద్దీ వస్తువు ఎట్లు చిన్నదగునో లెక్కతో నేర్వవలెను. తరువాత సజీవమైన మనుష్యుని ఎదుట నిలిపి, ఎముక, కండరము, చర్మము ఒకదానిపై ఒకటి ఎట్లు అమరియున్నవో తెలిసికొని చిత్రింపవలెను. 1919 ప్రాంతమున కళాశాల బాధ్యత వహించిన గ్లాడ్‌స్టన్ సాలమన్ ఈ జీవచిత్రణకు అధిక ప్రాధాన్యమిచ్చి, దానితో పాటు కుడ్యచిత్రణ తరగతిని నెలకొల్పినారు. 1924లో లండను సమీపమున వెంబ్లేలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనమునకు ఆ కళాశాల ఒక పూర్తి గదినే, గోడలు, పైకప్పు సహా భారతీయ పద్ధతిలో అలంకరించి పంపింది. రామారావు చిత్రములు గూడ ఆ వెంబ్లే ప్రదర్శనములో చోటు చేసికొన్నవి.

1920లో రామారావు బొంబాయి చదువు ముగిసింది. ఆ నాటికి దేశములో చిత్రకళ రెండు పాయలుగా చీలియున్నది. అవనీంద్రనాథ ఠాకూరు నాయకత్వమున వంగదేశములో ఒక సంప్రదాయము బయలుదేరింది. జపాను పద్ధతి నుండి స్వీకరించిన నీటిరంగుల పూతలతో, మంచుతెర వెనుకనుండి చూచినట్టి మృదువైన ఆకృతులను వారు చిత్రించేవారు. పాశ్చాత్య పద్ధతిని అనుసరించుట పరాధీనతకు గుర్తని వారి అభిప్రాయము. బొంబాయివారు ఇందుకు విరుద్ధముగా శరీరనిర్మాణజ్ఞానమునకు, వెలుగునీడలకు పెద్దపీట వేసినారు. పునాది గట్టిగా లేనివాని భావన గాలిలో మేడయని వారి వాదము. యువచిత్రకారుడు ఏదో ఒక పక్షమున చేరవలసినదే యన్నట్లు ఆనాటి విమర్శ సాగింది.

రామారావు ఏ పక్షమునకు పూర్తిగా లొంగలేదు. గుజరాతులో, కాఠియవాడలో తిరిగి, అక్కడి మనుష్యులను, వేషభాషలను దగ్గరగా చూచి చిత్రించినాడు. గుజరాతు చిత్రకళకు పునరుజ్జీవము కలిగించిన రవిశంకర్ రావల్ అతనికి మిత్రుడైనాడు. కలకత్తా వెళ్లి వంగ చిత్రకారుల కృషిని పరిశీలించినాడు. చూచినదెల్ల నేర్చినాడే గాని, చూచినవారినెల్ల అనుకరించలేదు. అతని చిత్రములలో దేహములు నిజమైన దేహములు. బొంబాయి శిక్షణ అక్కడ కనిపిస్తుంది. ఆ దేహములను చుట్టివచ్చే రేఖ మాత్రము అజంతాది. రంగు పలుచనగా, ప్రశాంతముగా పరచుకొనియుంటుంది. ఈ మూడింటి కలయికలో తెలుగు ముఖము, తెలుగు కట్టు, తెలుగు వాకిలి సహజముగా ఇమిడిపోయినవి.

అతని పుష్పాలంకారము, నంది పూజ, కార్తిక పౌర్ణమి అను చిత్రముల పేర్లే అతని చూపు ఎటు తిరిగినదో తెలుపుతున్నవి. పూలు ముడుచుకొనుట, నందికి మ్రొక్కుట, కార్తికమాసపు వెన్నెల రాత్రి పూజ ప్రతి తెలుగింటివారూ ఎరిగినవే. ఎరిగినవి గనుకనే ఎవరూ నిలిచి చూడరు. నిలిచి చూడదగినంత అందము వాటిలో నున్నదని రామారావు నిరూపించినాడు. పురాణేతిహాసములను స్వీకరించినప్పుడు గూడ అతడు యుద్ధములను, శపథములను ఎన్నుకొనలేదు. మనస్సు మొదటిసారి చలించిన క్షణమును ఎన్నుకొన్నాడు. సిద్ధార్థ రాగోదయములో రాజకుమారుని హృదయమున అనురాగము అంకురించే ఘడియ ఉన్నది. ఋష్యశృంగ బంధనము రామాయణ కథ. అంగదేశమున వానలు లేనప్పుడు, స్త్రీ అనునది యెరుగని మునికుమారుని వేశ్యలు ఆకర్షించి తెచ్చిన ఘట్టమది. 1922లో కలకత్తా ప్రదర్శనములో ఈ చిత్రమునకు ప్రథమ బహుమానము లభించింది. అతడు చిత్రించిన గోదావరీ దృశ్యము వైస్రాయి రీడింగు ప్రభువు మెప్పు పొందింది.

ఇంతటి కీర్తి గడించినవాడు బొంబాయిలో నిలిచిపోయినచో సంస్థానాధీశుల, ధనికుల రూపచిత్రములు వ్రాసి సుఖముగా జీవించవచ్చును. రామారావు రాజమహేంద్రవరమునకు తిరిగి వచ్చినాడు. తాను బాలుడుగా నున్నప్పుడు అక్కడ లేని పాఠశాలను తానే స్థాపించినాడు. మిత్రుడు వరదా వెంకటరత్నము అతనికి తోడైనాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టి చిత్రములు వ్రాసినారు. స్త్రీలు బడికి పోవుటయే వింతగా తోచే రోజులలో ఒక తెలుగు కుటుంబములో ఇద్దరు స్త్రీలు చిత్రకళ నభ్యసించుట సామాన్య విషయము కాదు.

పాఠశాల వేరూనక ముందే విపత్తు వచ్చిపడింది. మశూచికము సోకి 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు మరణించినాడు. ఇరువదియెనిమిదవ జన్మదినమునకు ఇంకను ఒక మాసము మిగిలియున్నది. అతనిని బలిగొన్న వ్యాధి ప్రపంచమునుండి పూర్తిగా తొలగినదని 1980లో ప్రకటించినారు. ఆ ప్రకటన అతనికి అర్ధశతాబ్దికి పైగా ఆలస్యమైంది.

గురువు పోయిన పాఠశాల సాధారణముగా గురువుతోనే పోతుంది. ఇక్కడ అట్లు జరుగలేదు. వరదా వెంకటరత్నము ఆ భారమును తన తలపై వేసికొని, తన జీవితమును దానికే అర్పించినాడు. ఆయన 1963లో మరణించునాటికి రామారావును చూచియెరుగని యువకులు అనేకులు రామారావు సంప్రదాయమున శిక్షణ పొందియున్నారు. సత్యవాణి భర్త చిత్రములను అమ్ముకొనక కాపాడినది. ఆ చిత్రములతో వెలసిన కళామందిరము తరువాతి కాలములో ప్రభుత్వ నిర్వహణలోనికి వచ్చింది. అది రాజమహేంద్రవరములో రామారావు పేరుతోనే యున్నది.

అక్కడికి పోయిన విద్యార్థులు పెద్ద చిత్రముల యెదుటనే ఆగిపోరాదు. రామారావు పెన్సిలుతో నింపిన చిత్తు పుస్తకములను గూడ చూడవలెను. పూర్తియైన చిత్రములో చిత్రకారుడు తన శ్రమను దాచివేస్తాడు. చిత్తు గీతలలో ఆ శ్రమ కనిపిస్తుంది: ఒక చేయి, ఒక మెడ వంపు, ఒక చీర మడత. ఉపాధ్యాయులు తమ పిల్లలను ఒక్కసారి అక్కడికి తీసికొనిపోయినచో, కూల్డ్రే తన శిష్యులకు చేసిన మేలులో కొంత వారును చేసినవారగుదురు.