జోసెఫ్ హెరాల్డ్ షెల్డన్

జోసెఫ్ హెరాల్డ్ షెల్డన్ (1893 - 1972) ఇంగ్లండుకు చెందిన వైద్యుడు, వృద్ధాప్య వైద్యశాస్త్ర ప్రముఖులలో ఒకడు. వృద్ధులను ఆసుపత్రి మంచంమీద కాక, వారి ఇండ్లలోనే పరిశీలించి, వారు పడిపోవడానికి గల కారణాలను వర్గీకరించాడు. వృద్ధుల ఇంటిని భద్రత దృష్టితో పరిశీలించే పద్ధతికి అతని పరిశోధనలు ముఖ్యమైన ఆధారం.

తొలి కృషి

షెల్డన్ బర్మింగ్‌హాం సమీపంలోని పారిశ్రామిక పట్టణమైన వుల్వర్‌హాంప్టన్‌లో, రాయల్ హాస్పిటల్‌లో వైద్యుడుగా పనిచేసాడు. శరీరంలో ఇనుము మితిమీరి పేరుకునే హీమోక్రొమటోసిస్ వ్యాధిపై 1935లో వ్రాసిన గ్రంథంలో, అది వంశపారంపర్యమైనదని ప్రతిపాదించాడు. ఈ ఒక్క గ్రంథం చాలు, అతని పేరు నిలవడానికి.

ఇంటింటి పరిశీలన

రెండవ ప్రపంచయుద్ధం ముగిసే కాలంలో నఫీల్డ్ ఫౌండేషన్ సహాయంతో పట్టణంలోని వృద్ధులపై సర్వే చేపట్టాడు. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూస్తే వృద్ధాప్యం అంతా రోగమే అనిపిస్తుంది. అందువలన రేషను పుస్తకాల జాబితానుండి వృద్ధులను ఎంపికచేసి, వారి ఇండ్లకే వెళ్ళి పరిశీలించాడు. ఫలితాలు 1948లో "సోషల్ మెడిసిన్ ఆఫ్ ఓల్డ్ ఏజ్" పేరుతో వెలువడ్డాయి. పడిపోవడం వృద్ధులలో సర్వసాధారణమనీ, పురుషులకంటే స్త్రీలలో అధికమనీ ఈ సర్వేలో తేలింది. వృద్ధుల సంరక్షణ భారంలో అధికభాగం కుటుంబమే, ముఖ్యంగా స్త్రీలే, మోస్తున్నారని కూడా వెల్లడయ్యింది.

పడిపోవడానికి కారణాలు

1960లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం షెల్డన్ రచనలలో అత్యంత ప్రసిద్ధం. ఇందులో 202 మందికి జరిగిన 500 పతనాలను విశ్లేషించాడు. వీటిలో 171 ప్రమాదవశాత్తు జరిగినవి. ఇవి ప్రధానంగా మెట్లు, చీకటి, కాలికి తగిలే వస్తువులు, జారే నేల వంటివాటి వలన కలిగినవి. మెట్లపై పడినవారిలో పలువురు దిగేటప్పుడు, చివరి మెట్టు అయిపోయిందని భ్రమించి అడుగువేసినవారే. మెట్లవద్ద వెలుతురు, పట్టుకోవడానికి ఆధారం ఎంత అవసరమో దీనివలన స్పష్టమవుతుంది.

అయితే దోషమంతా ఇంటిదే కాదు. 125 పతనాలలో స్పృహ తప్పకుండానే, ఏ హెచ్చరికా లేకుండా కాళ్ళు ఒక్కసారిగా పట్టుతప్పాయి. ఇటువంటివారు దెబ్బ తగలకపోయినా లేవలేరు. పాదాలను గోడవంటి గట్టి వస్తువుకు అదిమినపుడు కాళ్ళలో తిరిగి బలం వస్తుందని షెల్డన్ గమనించాడు. తలతిరుగుడు, నిలబడగానే రక్తపోటు తగ్గడం వంటి కారణాలనూ విడిగా లెక్కించాడు. కనుక ఇంటిని మాత్రమే సరిచేసి మనిషిని పరీక్షించకపోతే పని సగమే జరిగినట్లు. నేటికీ గృహసందర్శనకు వెళ్ళే వృత్తిచికిత్సకులు ఇంటినీ, అందులో నివసించే వృద్ధుని నడకనూ, చూపునూ కలిపి పరిశీలిస్తారు.

తరువాతి జీవితం

1954లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ వృద్ధాప్యశాస్త్ర మహాసభకు షెల్డన్ అధ్యక్షత వహించాడు. 1961లో బర్మింగ్‌హాం ప్రాంతీయ ఆసుపత్రుల బోర్డుకు సమర్పించిన నివేదికలో, పాత కట్టడాలలో క్రిక్కిరిసి ఉన్న వృద్ధుల వార్డులను తీవ్రంగా విమర్శించాడు. నిలబడినపుడు శరీరం ఊగే తీరు వయసుతోపాటు ఎలా మారుతుందో కొలిచి 1963లో ప్రచురించాడు. ఈ ఊగుడు పిల్లలలో ఎక్కువగా ఉండి, యౌవనంలో తగ్గి, ముసలితనంలో మళ్ళీ పెరుగుతుంది. షెల్డన్ 1972లో మరణించాడు.