ఫ్లోరెన్స్ నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ (మే 12, 1820 - ఆగష్టు 13, 1910) ఆధునిక నర్సింగు వృత్తికి పునాది వేసిన ఆంగ్ల వనిత, గణాంకవేత్త, ఆరోగ్య సంస్కర్త. క్రిమియా యుద్ధకాలంలో రాత్రివేళ దీపం చేతబట్టి క్షతగాత్రులను పరామర్శించిన దయామూర్తిగా ఆమె పాఠ్యపుస్తకాల ద్వారా తెలుగువారికి సుపరిచితురాలు. అయితే ఆ యుద్ధరంగంలో ఆమె గడిపినది రెండేళ్ళకు లోపే. తరువాత దాదాపు నలభై ఏళ్ళపాటు ఆమె చేసిన పని వేరు. ఆసుపత్రులలో ఎవరు చేరారు, ఎందరు కోలుకున్నారు, ఎందరు ఏ కారణంతో మరణించారు అనే లెక్కలను ఒక పద్ధతిలో రాయించడం, ఆ లెక్కలను ప్రభుత్వాల ముందుంచి మార్పులు చేయించడం ఆమె జీవితకార్యం. ఆ లెక్కలు తన సొంత ఆసుపత్రికి వ్యతిరేకంగా నిలిచినప్పుడు కూడా ఆమె వాటిని దాచలేదు.

బాల్యం, విద్య

నైటింగేల్ తల్లిదండ్రులు ఇటలీ పర్యటనలో ఉండగా ఫ్లోరెన్స్ నగరంలో జన్మించింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. అక్క పార్థెనోపి పేరు కూడా ఆమె పుట్టిన నేపుల్సు నగరపు ప్రాచీన గ్రీకు నామమే. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ సంపన్నుడు, విద్యావంతుడు. కుమార్తెలిద్దరికీ లాటిను, గ్రీకు, చరిత్ర, తత్వశాస్త్రం స్వయంగా బోధించాడు. ఫ్లోరెన్స్‌కు గణితం మీద మక్కువ ఎక్కువ. దానిని నేర్చుకోవడానికి ఇంట్లో పెద్దల అంగీకారం సులభంగా దొరకలేదు.

1837లో, పదహారేళ్ళ వయసులో, తనకు దైవప్రేరణ కలిగిందని ఆమె నమ్మింది. రోగులకు సేవ చేయాలనే కోరికను కుటుంబం చాలా ఏళ్ళు అడ్డుకుంది. ఆ రోజులలో ఇంగ్లండులో ఆసుపత్రి దాదుల పనికి గౌరవం లేదు. వచ్చిన పెళ్ళి సంబంధాలను ఆమె కాదన్నది. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట సుమారు మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండనులోని హార్లీ వీధిలో స్త్రీల చికిత్సాలయానికి పర్యవేక్షకురాలు అయింది. రోగి మంచం దగ్గర నుండి నర్సును పిలిచే గంటలు, వంటగది నుండి పై అంతస్తుకు భోజనం చేర్చే ఎత్తుడు యంత్రం అక్కడ ఆమె పెట్టించిన ఏర్పాట్లే. నర్సు శక్తి మెట్లెక్కడానికి గాక రోగికి ఉపయోగపడాలన్నది ఆమె ఉద్దేశం.

స్కుటారి ఆసుపత్రి

1854లో బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీలు కలిసి రష్యాతో యుద్ధానికి దిగాయి. గాయపడిన బ్రిటిషు సైనికుల దుస్థితి పత్రికలలో రావడంతో మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌ను కోరగా, ఆమె 38 మంది నర్సులతో నవంబరు 1854లో కాన్‌స్టాంటినోపుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారి చేరింది. ఆసుపత్రిగా మార్చిన ఆ సైనిక భవనం కిందనే మురుగు నిలిచి ఉండేది. మంచాలు, దుస్తులు, సబ్బు, ఆహారం అన్నిటికీ కొరతే. ఆమె సొంత డబ్బుతోనూ, ప్రజల విరాళాలతోనూ సరుకులు తెప్పించింది, వంటశాల, బట్టలుతికే చోటు ఏర్పాటు చేయించింది.

ఆమెను కలవరపెట్టిన మరొక విషయం రికార్డులు. స్కుటారిలో మరణాలను వేరువేరు అధికారులు వేరువేరు రిజిస్టర్లలో రాసేవారు. ఏ రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి సరిపోయేవి కావు. కొందరు సైనికులు ఎవరో, ఏమయ్యారో తెలియకుండానే మట్టిలో కలిసిపోయారు. జబ్బుల పేర్లు ఒక్కో వైద్యుడు ఒక్కో విధంగా రాసేవాడు. ఎందరు పోయారో సరిగా తెలియని చోట ఎందుకు పోయారో తెలుసుకోవడం ఎలాగూ సాధ్యం కాదు. మరణించిన సైనికుల కుటుంబాలకు ఆమె స్వయంగా ఉత్తరాలు రాసేది.

ఫిబ్రవరి 1855 నాటికి అక్కడ చికిత్స పొందుతున్నవారిలో మరణాలు నూటికి 42కు పెరిగాయి. అనగా నైటింగేల్ వచ్చిన తరువాతి చలికాలమే ఆ ఆసుపత్రికి అత్యంత ఘోరమైన కాలం. మార్చిలో లండను నుండి వచ్చిన పారిశుధ్య సంఘం మురుగు కాలువలు కడిగించి, గాలి ఆడేటట్లు చేసి, నీటి సరఫరాను బాగుచేసింది. జూను నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి. ఈ తగ్గుదలనంతా నైటింగేల్ సేవకే ఆపాదించే పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి కానీ అది సరికాదు. ఆమె కూడా అలా చెప్పుకోలేదు.

(ఆమె చేతి దీపం చిత్రాలలో కనబడే ప్రమిద వంటిది కాదు. ముడుచుకునే కాగితపు తొడుగు ఉన్న టర్కీ లాంతరు అది.)

సొంత లెక్కలతో ముఖాముఖి

1856లో స్వదేశానికి తిరిగివచ్చిన నైటింగేల్ సన్మానాలకు దూరంగా ఉండి, విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి యుద్ధకాలపు మరణాలను విశ్లేషించడం మొదలుపెట్టింది. స్కుటారిలో ఉన్నప్పుడు సైనికులు తిండి లేక, చలికి నీరసించి ఆలస్యంగా చేరడం వల్లనే పోతున్నారని ఆమె భావించింది. పట్టికలు తయారయిన తరువాత వేరే నిజం తెలిసింది. గాయాలకంటె, ఆకలికంటె, ఆసుపత్రిలోని మురుగు, ఇరుకు ఎక్కువమందిని బలిగొన్నాయి. ఆ యుద్ధంలో మరణించిన సుమారు 21,000 మంది బ్రిటిషు సైనికులలో 16,000 మందికి పైగా వ్యాధులతో పోయినవారే. తాను పగలనక రాత్రనక శ్రమించిన చోటనే ఇది జరిగిందన్న సంగతి ఆమెను జీవితాంతం వెంటాడింది. అయినా ఆ అంకెలను ఆమె ప్రచురింపజేసింది.

అంకెల పట్టికలు మంత్రులు చదవరని ఎరిగిన ఆమె వాటిని బొమ్మగా గీయించింది. 1858 నాటి ఆ చిత్రంలో సంవత్సరంలోని పన్నెండు నెలలు పన్నెండు రేకులు. నివారింపదగిన వ్యాధుల మరణాలు నీలం, గాయాల మరణాలు ఎరుపు, ఇతర కారణాలు నలుపు. నీలిరంగు మిగిలిన రెండింటినీ మింగివేసినట్లు కనబడుతుంది. అదే సంవత్సరం ఆమె లండను గణాంక సంఘానికి తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నికయింది. శాంతికాలంలో బ్యారక్‌లలో ఉన్న సైనికులు కూడా అదే వయసు పౌరులకంటె రెట్టింపుకు దగ్గరగా మరణిస్తున్నారని ఆమె చూపడంతో, సైన్యంలో వైద్య గణాంక విభాగం, సైనిక వైద్య పాఠశాల ఏర్పడ్డాయి.

ఆసుపత్రుల ఏకరూప పత్రాలు

1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు నైటింగేల్ ఒక పథకం పంపింది. అన్ని ఆసుపత్రులూ ఒకే నమూనా పత్రంలో లెక్కలు రాయాలన్నది దాని సారాంశం. సంవత్సరారంభానికి ఉన్న రోగులు, కొత్తగా చేరినవారు, కోలుకొని వెళ్ళినవారు, నయం కాదని పంపివేసినవారు, మరణించినవారు, సంవత్సరాంతానికి మిగిలినవారు, సగటున ఒక్కొక్కరు ఆసుపత్రిలో ఉన్న రోజులు అందులో ఉండాలి. వయసు, స్త్రీ పురుష భేదం, వ్యాధి పేరు విడివిడిగా రాయాలి. ఇవి ఒక్క తీరున ఉంటేనే ఒక ఆసుపత్రిని మరొక దానితో పోల్చగలమని ఆమె వాదన. మహాసభ ఆమోదించింది. లండనులోని కొన్ని పెద్ద ఆసుపత్రులు కొంతకాలం ఆ పత్రాలు నింపాయి. కానీ అవి మరీ విస్తారంగా ఉండటం వల్ల, వ్యాధుల వర్గీకరణపై వైద్యులలో ఏకాభిప్రాయం లేకపోవడం వల్ల కొద్ది ఏళ్ళలోనే వాడుక తప్పింది. నింపేవారి ఓపికను ఆమె తక్కువగా అంచనా వేసిందనే చెప్పాలి. 1861 జనాభా లెక్కలలో ప్రతి ఇంటిలోని రోగుల సంఖ్యను చేర్చాలన్న ఆమె కోరికను ప్రభుత్వం తోసిపుచ్చింది.

స్కుటారి తరువాత రెండవ పరీక్ష కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో ఎదురయింది. నైటింగేల్ నిధి సహాయంతో 1862లో అక్కడ మంత్రసానుల శిక్షణకు ప్రసూతి విభాగం తెరిచారు. కొన్నేళ్ళలో వెయ్యి కాన్పులకు 33 మంది తల్లులు చనిపోతున్నట్లు తేలింది. ఇంగ్లండు మొత్తం మీద ఈ సంఖ్య సుమారు 5 మాత్రమే. సూతికా జ్వరం ఒక బాలింత నుండి మరొకరికి పాకుతుండేది. 1867లో ఆ విభాగాన్ని మూసివేశారు. ఆమె అక్కడితో ఆగక, వివిధ దేశాల ప్రసూతి మరణాల అంకెలను సేకరించి 1871లో పుస్తకంగా ప్రచురించింది. తన పేరున నడిచిన విభాగపు అంకెలు కూడా అందులో ఉన్నాయి.

నర్సింగు శిక్షణ

ప్రజల విరాళాలతో ఏర్పడిన నైటింగేల్ నిధితో 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగు పాఠశాల మొదలయింది. ప్రతి విద్యార్థిని పనినీ నెలనెలా ఒక పత్రంలో నమోదు చేసేవారు. 1859 చివరలో వెలువడిన ఆమె నర్సింగు గ్రంథంలో ఈనాటికీ విలువ తగ్గని అధ్యాయం రోగి సంరక్షణలో ఏర్పాట్లకు సంబంధించినది. నర్సు దగ్గర ఉన్నప్పుడు చేసే పనులు ఆమె లేనప్పుడు కూడా జరిగేటట్లు చూడటమే అసలు బాధ్యత అని దాని భావం. రోగి ఎలా ఉన్నాడని అడిగితే బాగున్నాడని చెప్పి ఊరుకోరాదు, ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఎంత ఆహారం తీసుకున్నాడు అని కచ్చితంగా చెప్పగలగాలి. ఒక షిఫ్టు నర్సు దిగిపోతూ మరొకరికి రోగులను అప్పగించే నేటి ఆనవాయితీకి ఈ ఆలోచన సన్నిహితమైనది.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

నైటింగేల్ ఎన్నడూ భారతదేశానికి రాలేదు. 1857 నుండి తీవ్ర అనారోగ్యంతో ఎక్కువకాలం గదికే పరిమితమయింది. అయినా 1859లో భారతదేశపు సైన్యం ఆరోగ్యంపై నియమించిన రాయల్ కమిషన్ కోసం ఇక్కడి సైనిక కేంద్రాలన్నిటికీ ప్రశ్నావళి పంపించి, తిరిగివచ్చిన జవాబుల కట్టలను ఫార్, సదర్లండులతో కలిసి పరిశీలించింది. 1863లో వెలువడిన నివేదిక ప్రకారం, ఇక్కడి బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది మరణించేవారు. యుద్ధ సంవత్సరాలను, పాత అంకెలను కలిపి లెక్క పెంచారని ఇక్కడి అధికారులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. అయితే మురుగు, ఇరుకు, కలుషిత జలం విషయంలో వారూ కాదనలేకపోయారు. మద్రాసు రాజధాని సైన్యంలో భాగమైన సికింద్రాబాదు కంటోన్మెంటు ఈ విషయంలో అప్పటికే అపఖ్యాతి పొందింది. ఇరుకైన బ్యారక్‌ల వల్ల అక్కడి మరణాలు రాజధానిలోని ఇతర కేంద్రాలకంటె చాలా ఎక్కువగా ఉండేవి. 1864లో కలకత్తా, మద్రాసు, బొంబాయిలలో పారిశుధ్య సంఘాలు ఏర్పడ్డాయి. సైనికుల మరణాలు వెయ్యికి 18కి తగ్గాయని 1873లో ఆమె ఒక వ్యాసంలో వివరించింది.

మొదట ఆమె దృష్టి సైనికుల మీదనే ఉండేది. ఈ దేశపు రైతు ఆరోగ్యం ఆ పెద్ద నివేదికలో దాదాపు కనబడదు. క్రమంగా ఆమె ఆలోచన మారింది. 1876-78 నాటి కరువు రాయలసీమను, మద్రాసు రాజధానిలోని ఇతర జిల్లాలను నాశనం చేసినప్పుడు, తిండి లేనివాడికి పారిశుధ్యం బోధించి ప్రయోజనం లేదని గ్రహించి, సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదానికి గట్టి మద్దతుగా రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయి గోదావరి, కృష్ణా డెల్టాలను కరువు నుండి చాలావరకు కాపాడాయి. (కాలువ నీరు ఎక్కని నూజివీడు వంటి మెట్ట ప్రాంతాలు చెరువుల మీద ఆధారపడి, తరువాత మామిడి తోటలకు పేరుపొందాయి.)

గ్రామాలలో చావుపుట్టుకల లెక్క రాసే బాధ్యత మద్రాసు రాజధానిలో గ్రామ మునసబుదే. మరణకారణం గడిలో ఎక్కువగా జ్వరం అనే మాటే ఉండేది. కలరా, మసూచి వంటివి తప్ప తక్కినవన్నీ అందులోనే కలిసిపోయేవి. ఏటేటా లండను చేరిన పారిశుధ్య నివేదికలు ఇటువంటి లెక్కల మీదనే ఆధారపడినవి. నైటింగేల్ వాటిని చదివి వ్యాఖ్యానించేది. గ్రామ పన్నులో మొదటి భాగాన్ని పారిశుధ్యానికే కేటాయించాలని 1890వ దశకంలో ఆమె కోరింది. వ్యాధులు సూక్ష్మజీవుల ద్వారా వ్యాపిస్తాయన్న సిద్ధాంతాన్ని ఆమె చాలాకాలం అంగీకరించకపోవడం ఆమె దృష్టిలోని లోపం.

నూజివీడులో అడ్వెంటిస్టు మిషన్ వారి గిఫర్డ్ స్మారక ఆసుపత్రి 1920వ దశకంలో మొదలయింది. దానికి అనుబంధంగా నర్సింగు పాఠశాల ఏర్పడింది. ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ ఇచ్చే ఈ పద్ధతి సెయింట్ థామస్ పాఠశాల తరువాత ప్రపంచమంతటా వ్యాపించినదే.

చివరి రోజులు

వృద్ధాప్యంలో నైటింగేల్ చూపు, జ్ఞాపకశక్తి క్షీణించాయి. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయింది. ఆగష్టు 13, 1910న లండనులో నిద్రలోనే మరణించింది. వెస్ట్‌మినిస్టర్ అబేలో ఖననం చేస్తామన్న ప్రతిపాదనను ఆమె కోరిక మేరకు కుటుంబం వద్దన్నది. హాంప్‌షైరు జిల్లాలోని ఈస్ట్ వెల్లో గ్రామ చర్చి ఆవరణలో తల్లిదండ్రుల సమాధి వద్ద ఆమెను ఖననం చేశారు. రాతి మీద ఆమె పేరులోని మొదటి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే ఉన్నాయి. ఆమె పుట్టినరోజు మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుతారు. భారత ప్రభుత్వం 1973లో ఉత్తమ నర్సులకు ఆమె పేరున జాతీయ పురస్కారాన్ని నెలకొల్పింది.