ధాత కరువులో కాలువ తవ్వించిన పాదిరి: జాన్ క్లౌ జీవితం

నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి వెళ్ళేవాళ్ళందరూ సముద్రం కనిపించేముందు ఒక పాత కాలువ దాటతారు. చాలామంది దాన్ని ఏదో ఉప్పు వాగు అనుకుని వెళ్ళిపోతారు. దాని పేరు బకింగ్‌హాం కాలువ. పెదగంజాం నుంచి మొదలై, నెల్లూరు తీరం మొత్తం సముద్రం పక్కనే నడిచి, పులికాట్ దాటి, చెన్నై మీదుగా మరక్కాణం దాకా వెళ్తుంది. పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం మన ఆంధ్ర తీరంలోనే ఉంది.

ఈ కాలువలో మూడున్నర మైళ్ళు ఒక క్రైస్తవ పాదిరి కాంట్రాక్ట్ తీసుకుని తవ్వించాడు. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. మన ఛానెల్‌లో పాదిరి కథ ఏంటి అని కొంతమందికి డౌట్ రావచ్చు. చెరువు తవ్వించడం, బావి తవ్వించడం, చెట్టు నాటడం మన శాస్త్రాల్లో పూర్తకర్మలు. సప్తసంతానాల్లో తటాకం ఒకటి, వనం ఒకటి. నీటి కోసం, ఆకలిగొన్నవాళ్ళ కోసం పని చేసినవాడి జీవితం ఏ మతం నుంచి వచ్చినా తెలుసుకోదగ్గదే. ఇందులో మనకి ఇబ్బందిగా అనిపించే విషయాలు కూడా ఉన్నాయి. వాటినీ దాచకుండా రాస్తున్నాను.

సర్వే గొలుసు పట్టిన కుర్రాడు

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. ఇంట్లో డబ్బు తక్కువ. కుటుంబం పడమటి వైపు అయోవాకి వలస వెళ్ళింది. టీనేజ్‌లోనే ఆయన మిన్నెసోటా అడవుల్లో భూమి కొలిచే సర్వే బృందంలో చేరాడు. గొలుసు పట్టడం నుంచి మొదలుపెట్టి ప్రభుత్వ డిప్యూటీ సర్వేయర్ స్థాయికి ఎదిగాడు. నేల వాలు చూడటం, మట్టి లెక్క కట్టడం, మనుషుల్ని గుంపులుగా పనిలో పెట్టడం అక్కడే నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ విద్య నెల్లూరు తీరంలో వేలమంది ప్రాణాలకి అక్కరకొస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

మొదట్లో ఆయనకి దైవభక్తి పెద్దగా లేదు. లాయర్ అవ్వాలి, రాజకీయాల్లోకి వెళ్ళాలి అనేది ప్లాన్. కాలేజీలో ఆయన రూమ్మేట్ మాత్రం రోజూ ప్రార్థన చేసేవాడు. విసుగొచ్చి క్లౌ గది మధ్యలో సుద్దతో గీత గీసి, నీ ప్రార్థనలన్నీ ఆ పక్కనే చేసుకోమని చెప్పాడట. హాస్టల్‌లో ఉన్నవాళ్ళకి ఈ సీన్ బాగా అర్థమవుతుంది! చివరికి ఆ గీత ఎక్కువ రోజులు నిలవలేదు. 1858లో క్లౌ బాప్తిస్మం తీసుకున్నాడు. 1864 చివర్లో భార్య హ్యారియెట్‌తో కలిసి బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. 1865 ఏప్రిల్లో మద్రాసులో దిగి, అక్కడి నుంచి నెల్లూరు చేరాడు.

మూసేద్దామనుకున్న మిషన్

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో శామ్యూల్ డే పెట్టింది. పాతికేళ్ళు గడిచినా దాంట్లో చేరినవాళ్ళు చాలా తక్కువ. డబ్బు దండగ, మూసేద్దాం అని అమెరికాలో మళ్ళీ మళ్ళీ చర్చ జరిగింది. లైమన్ జ్యూయెట్ అనే ఇంకో పాదిరి మాత్రం పట్టు వదల్లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన కొద్దిమందితో ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, ఆ మనిషిగా క్లౌ ఒంగోలు వచ్చాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. వేరే జిల్లా అయ్యింది 1970లో.

ఒంగోలులో ఆయనకి వెంటనే ఒక పరీక్ష ఎదురైంది. ఊళ్ళో బ్రాహ్మణులు, మిగతా పెద్ద కులాలవాళ్ళు తమ పిల్లల్ని ఆయన స్కూల్‌కి పంపడానికి ఒప్పుకున్నారు. అదే టైంలో కనిగిరి వైపు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి వచ్చాడు. పేరయ్య మామూలు మనిషి కాదు. సత్యం కోసం గురువుల చుట్టూ తిరిగి, యోగసాధన చేసినవాడు. ఆయన వెనక ఆయన మనుషులు రావడం మొదలైంది. వాళ్ళని చేర్చుకుంటే మా పిల్లలు రారు అని ఊరి పెద్దలు చెప్పేశారు.

క్లౌ సందిగ్ధంలో పడ్డాడు. పలుకుబడి ఉన్నవాళ్ళు కావాలా, ఏమీ లేనివాళ్ళు కావాలా? ఆయన, భార్య వేరువేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనిపించిందని, లోకం తక్కువగా చూసినవాళ్ళని దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అదని ఆయన తర్వాత గుర్తు చేసుకున్నాడు. మాదిగలకి తలుపు తెరిచాడు. మిగతా పిల్లలు స్కూల్ మానేశారు.

నీళ్ళు ఇచ్చినవాళ్ళకే నీళ్ళు లేవు

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ రోజుల్లో మెట్ట పొలానికి నీళ్ళు పెట్టాలంటే కపిల తోలాలి. ఎద్దులు లాగితే బావిలోంచి నీళ్ళు తోడే ఆ పెద్ద తోలు బాన కుట్టేది మాదిగలే. ఎద్దుకి పట్టెడ, రైతుకి చెప్పు, ఊళ్ళో చచ్చిన గొడ్డుని తీసేయడం, అన్నీ వాళ్ళ పనే. ఊరి సేద్యం, ఊరి శుభ్రం వాళ్ళ చేతుల మీద నడిచేవి. కానీ ఊరి బావిలో చేద వేసే హక్కు మాత్రం వాళ్ళకి లేదు. ప్రకృతి మాత అని రోజూ దణ్ణం పెట్టుకునే మనం ఈ సంగతి తలదించుకునే చదవాలి.

క్లౌ తన దగ్గరికి వచ్చినవాళ్ళకి మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాల్ని పూజించకూడదు. మూడోది మనకి నచ్చదు, నచ్చాల్సిన అవసరం కూడా లేదు. ఊరి జాతరల్లో డప్పు కొట్టడం మానేసినందుకు చాలా ఊళ్ళలో గొడవలయ్యాయి. పని ఇవ్వకపోవడం, దారులు మూసేయడం, నీళ్ళు ఆపడం దాకా వెళ్ళాయి. రెండు వైపులా గాయాలున్నాయి. కాకపోతే దాహంతో ఉన్నవాడు ఏ వైపు ఉన్నాడో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ధాత కరువు

1876లో వానలు పోయాయి. తెలుగు సంవత్సరం ధాత. అందుకే మన పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగం ఎండిపోయింది. నెల్లు అంటే వరి, ఆ వరి పేరే ఊరికి వచ్చిందని చెప్పుకునే జిల్లాలో గింజ దొరకలేదు. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో లక్షల మంది చనిపోయారు.

వాన రాకపోవడం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. దేశంలో ధాన్యం ఉంది, రైళ్ళు ఉన్నాయి. కానీ ధర ఎక్కడ ఎక్కువైతే ధాన్యం అక్కడికి పోయింది, విదేశాలకి ఎగుమతి కూడా ఆగలేదు. బ్రిటిష్ ప్రభుత్వం మార్కెట్ జోలికి వెళ్ళకూడదని కూర్చుంది. పైగా 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో కూలీని రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణాకి తగ్గించాడు. పౌను అంటే అరకేజీ కన్నా తక్కువ. రోజంతా మట్టి మోసే మనిషికి అది ఏ మూలకి? అప్పటి మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం కూడా ఈ తగ్గింపుతో ఏకీభవించలేదు. కరువు పనిగా తీరం వెంబడి కాలువ తవ్వకం సాగింది ఆయన హయాంలోనే. కాలువకి పేరు అలా వచ్చింది.

మూడున్నర మైళ్ళు

ఒంగోలు మిషన్ బంగ్లా చుట్టూ రోజూ వందలమంది చేరేవాళ్ళు. దానం చేస్తూ పోతే ఎన్నాళ్ళు వస్తుంది? కాలువ పనికి పంపిస్తే అక్కడ మేస్త్రీల తిట్లు, దెబ్బలు. నీరసంగా ఉన్నవాళ్ళని వెళ్ళగొట్టడం. అప్పుడు క్లౌలోని పాత సర్వేయర్ లేచాడు. మూడున్నర మైళ్ళ కాలువ, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు, తానే కాంట్రాక్ట్ తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు.

రాజుపాలెం అనే చోట క్యాంప్ పడింది. తాటాకు పాకలు వేశారు. తాగడానికి బావులు తవ్వారు. గింజలు అమ్మే వర్తకులు వచ్చి అంగళ్ళు పెట్టారు. పని ఏర్పాటు చాలా సింపుల్. ఒక్కో బోధకుడి కింద ఆయనకి తెలిసిన ఊళ్ళవాళ్ళ గుంపు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు గంపలతో మట్టి ఎత్తి గట్టు మీద పోసేవాళ్ళు. తెలిసిన మనిషి మేస్త్రీ కాబట్టి తిట్లు లేవు. క్యాంప్‌లో ఒక్క కులం వాళ్ళే కాదు, రకరకాల కులాలవాళ్ళు ఉన్నారు. ఆకలి ఆ గీతల్ని కొన్నాళ్ళు చెరిపేసింది. బలం లేక పడిపోయినవాళ్ళు ఉన్నారు, కలరా వచ్చి పోయినవాళ్ళూ ఉన్నారు. అయినా వేలమంది ఆ మూడున్నర మైళ్ళ మీద బతికి బయటపడ్డారు. పొద్దుగూకాక బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని క్రీస్తు గురించి చెప్పేవాళ్ళు. ఆ మాటా దాచక్కర్లేదు.

మూసిన తలుపు

ఇప్పుడు అసలు ప్రశ్న. అన్నం పెట్టి మతం మార్చాడా?

ఇది మనం మాత్రమే అడిగే ప్రశ్న కాదు, క్లౌ తనని తాను అడుక్కున్న ప్రశ్న కూడా. కరువులో వేలమంది మమ్మల్ని చేర్చుకోండి అని వచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి పంచుతున్న చేత్తో మతం ఇస్తే రెండూ చెడతాయని ఆయన అభిప్రాయం. సంఖ్య పెంచుకోవాలనుకునే మనిషి అయితే ఆ పదిహేను నెలలకి మించిన అవకాశం దొరికేదా?

వానలు పడ్డాయి. సాయం ఆగిపోయింది. ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 2, 3, 4 తేదీల్లో 3,536 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒక్క జూలై 3నే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, నదిలో నిలబడి ఇచ్చారు.

అంత తొందరేంటి, అంతమందిని ఎలా పరీక్షించారు అని అమెరికాలో ఆయన సొంతవాళ్ళే విమర్శించారు. కరువులో చేసిన మేలు గుర్తుండి వచ్చారు, అది పూర్తి స్వేచ్ఛ ఎలా అవుతుంది అని మనం అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దాంతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఆ మనుషులకి గౌరవం వెతుక్కుంటూ వేరే గడపకి వెళ్ళాల్సిన పరిస్థితి ఎవరు తెచ్చారు? మొదటి ప్రశ్న అడిగి రెండోది వదిలేస్తే మనం సగం నిజమే చెప్పినట్టు.

క్లౌ దశాబ్దాల పాటు ఒంగోలులో గడిపి, 1910 నవంబర్ 24న అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకాల్ని రెండో భార్య ఎమ్మా రాసి 1914లో పుస్తకంగా తెచ్చింది. ఒంగోలులో ఆయన పేరుతో ఆసుపత్రి ఉంది.

కాలువ తిరిగి ఇచ్చింది

పర్యావరణం అనే మాట క్లౌ కాలంలో ఇప్పటి అర్థంలో లేదు. ఆయన తవ్వించింది మనుషుల్ని బతికించడానికి. ప్రభుత్వం అనుకున్నది పడవల కోసం. దశాబ్దాల పాటు ఈ కాలువ మీదే సరుగుడు కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో మద్రాసు వెళ్ళాయి. 1965, 66 తుఫానులు కాలువని బాగా దెబ్బతీశాయి. పూడిక పెరిగి పడవలు తగ్గిపోయాయి.

తర్వాత 2004 డిసెంబర్ 26 వచ్చింది. సునామీ నీళ్ళు తీరం దాటి లోపలికి దూసుకొచ్చినప్పుడు చాలాచోట్ల ఈ కాలువ ఆ నీళ్ళని తనలో నింపుకుంది, మళ్ళీ సముద్రంలోకి వదిలేసింది. కాలువకి ఇవతల ఉన్న ఎంతోమంది మత్స్యకారుల ప్రాణాలు దీనివల్లే దక్కాయని 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. ఆకలితో నకనకలాడుతూ గంపలు మోసిన మనుషుల చెమట, 127 ఏళ్ళ తర్వాత ముక్కూ మొహం తెలియని పిల్లల్ని కాపాడిందన్నమాట. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. కాలువకి డ్యూక్ పేరుంది. భగీరథుడి పేరు గంగకి భాగీరథిగా నిలిచింది గానీ, ఈ భగీరథుల పేర్లు మనకి తెలియవు.

ఆ కాలువ ఇప్పుడు ఎలా ఉందో చూశారా? కొన్నిచోట్ల పూడిక, కొన్నిచోట్ల ఆక్రమణ, రొయ్యల గుంటల నీళ్ళు, ఊళ్ళ చెత్త. చెన్నైలో అయితే మురుగు కాలువే అయిపోయింది. వచ్చే వినాయక చవితికి నిమజ్జనం ఎక్కడ చేయాలో మాట్లాడుకునేటప్పుడు మీ కాలనీ కమిటీలో ఈ కథ ఒకసారి చెప్పండి. మట్టి విగ్రహమే పెడదామని అడగండి. ప్లాస్టర్ విగ్రహాన్ని, థర్మోకోల్ మండపాన్ని నీళ్ళలో పడేసి భక్తి అనుకుంటే ఎలాగండి? పక్క మతంవాడు మన నేల మీద చేసిన పూర్తకర్మని చెడగొట్టకుండా చూసుకోవడం మన ధర్మమే.

మీ ఊళ్ళో ఇలాంటి పాత కాలువ గానీ చెరువు గానీ ఉంటే, దాన్ని తవ్వింది ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కామెంట్‌లో రాయండి. శుభం.