వీధికి కావలి కాచిన రచయిత

జార్జి ఆర్వెల్ పేరు వినగానే మన విద్యార్థులకు స్ఫురించేవి ‘యానిమల్ ఫారమ్’, ‘నైన్‌టీన్ ఎయిటీఫోర్’ అనే రెండు గ్రంథాలు. నియంతృత్వాన్ని అంత నిశితంగా చిత్రించిన ఆ లేఖిని పట్టిన చేయి, అంతకు ముందు మూడేళ్లకు పైగా తుపాకి పట్టి లండను నగరంలోని ఒక పేటకు కావలి కాచినదని ఎరిగినవారు తక్కువ. ఆ మూడేళ్ల కథ తెలిస్తేనే గాని ఆ గ్రంథాల వెనుక నున్న ఆవేదన మనకు పూర్తిగా బోధపడదు.

ఆతని అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న బీహారులోని మోతీహారిలో జన్మించాడు. తండ్రి ఆంగ్ల ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. పసితనంలోనే తల్లి ఆతనిని ఇంగ్లండుకు తీసుకొని పోయింది. ఈటన్ పాఠశాలలో చదువు ముగించుకొని, 1922లో బర్మాకు వెళ్లి పోలీసు అధికారిగా చేరాడు. అయిదేళ్లు ఆ పని చేసిన పిమ్మట, పరుల గడ్డపై పెత్తనం చెలాయించడం అన్యాయమని తోచి కొలువు విడిచిపెట్టాడు. ఆతడు మొట్టమొదట మోసిన ఆయుధం సామ్రాజ్యానిది. ఆ బరువు ఆతని మనస్సును జీవితాంతం విడిచిపోలేదు.

రెండవ పర్యాయం ఆయుధం పట్టింది స్పెయిన్ దేశంలో. 1936 డిసెంబరులో అక్కడికి వెళ్లి, ఫ్రాంకో సేనలపై పోరాడే ప్రజాసైన్యంలో చేరాడు. 1937 మే 20న శత్రువు తుపాకిగుండు ఆతని కంఠంలో నుండి దూసుకొనిపోయింది. ప్రాణం దక్కింది, గొంతు మాత్రం బలహీనమైపోయింది. అయితే గుండు కంటె గాఢమైన గాయం మరొకటి తగిలింది. తోడి యోధులనే ద్రోహులుగా ముద్రవేసి, చెరసాలల్లో త్రోసిన స్వపక్షీయుల క్రౌర్యాన్ని ఆతడు కళ్లారా చూశాడు. భార్య ఐలీన్‌తో కూడ సరిహద్దు దాటి ప్రాణాలు దక్కించుకొన్నాడు.

1939లో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. ఆర్వెల్ సైన్యంలో చేరగోరాడు గాని, ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా వైద్యులు తిరస్కరించారు. 1940 మే 14న యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో ఒక విజ్ఞప్తి చేశాడు. పదునేడేళ్లు మొదలు అరవయ్యయిదేళ్ల వరకు గల పురుషులు తమ తమ ఊళ్ల రక్షణకు స్వచ్ఛందంగా ముందుకు రావలెనని దాని సారాంశం. కొద్ది దినాల్లోనే సుమారు రెండున్నర లక్షల మంది పేర్లు నమోదు చేయించుకొన్నారు. తొలిరోజుల్లో వారికి సరియైన దుస్తులు లేవు. చేతికొక పట్టీ మాత్రమే గురుతు. తుపాకులు చాలక వేటతుపాకులతోను, కర్రలతోను సాధన చేశారు. శత్రువు దిగివస్తే దారి తెలియకుండా మార్గసూచికలను పీకివేశారు. దండయాత్ర హెచ్చరికకు తప్ప చర్చిగంటలు మోగరాదని ప్రభుత్వం శాసించింది. పగలంతా తమ వృత్తులు చేసుకొని, రాత్రులు వంతులవారీగా కాపలా కాసిన ఈ దళానికి ఆ జూలైలోనే ‘హోమ్ గార్డు’ అనే పేరు స్థిరపడింది.

ఆర్వెల్ 1940 జూన్‌లో ఈ దళంలో చేరి, సెయింట్ జాన్స్ వుడ్ పేటలో సార్జంటు అయ్యాడు. ఆతని చిన్న జట్టులో ధనికవర్తకుడు, బండి నడిపే కార్మికుడు పక్కపక్కన నిలిచారు. ఆతని పుస్తకాలు అచ్చువేసిన ఫ్రెడ్రిక్ వార్‌బర్గ్ ఆతని చేతిక్రింద కార్పొరల్. సన్నగా, తాటిచెట్టంత పొడవున ఉండే సార్జంటు వీధిపోరాటాలను గూర్చి, అడ్డుగోడలను గూర్చి స్పెయిన్ అనుభవంతో పాఠాలు చెప్పేవాడు. ఆతని వల్ల పొరపాట్లు జరుగకపోలేదు. ఒకనాడు ఒక గ్యారేజిలో చిన్న ఫిరంగితో అభ్యాసం చేయిస్తూ తగని గుండు పెట్టించగా, ఆ అదటుకు ఒకనికి పళ్లూడిపోయినవి; మరొకడు స్పృహ తప్పాడు. ఆతని శ్రద్ధ మాత్రం సడలలేదు.

ఇంతటి శ్రద్ధకు కారణమేమి? సామాన్యుని చేతికి ప్రభుత్వం తనంతట తాను ఆయుధమివ్వడం ఆర్వెల్‌కు అపూర్వమైన సంగతిగా కనిపించింది. నియంత పాలించే దేశంలో అట్టి పని ఊహకు అందదు. ఈ దళం నిజమైన ప్రజాసైన్యంగా వికసిస్తుందని ఆతడు ఆశించాడు. కాని విశ్రాంత సేనానులు అధికారపీఠాలెక్కి, పాతకాలపు కవాతులతో పొద్దుపుచ్చడం చూచి, ఆ ధోరణిని పత్రికల్లో విమర్శించాడు. ఆతని ఆశ నెరవేరలేదు. 1944 డిసెంబరులో దళాన్ని విరమింపజేశారు. ఇచ్చిన తుపాకులు తిరిగి ఆయుధాగారాలకే చేరుకొన్నవి.

ఇక్కడ మనకొక ప్రశ్న ఎదురవుతుంది. తన దేశపు చిల్లర వర్తకునికి తుపాకి ఇచ్చిన ఆ ప్రభుత్వమే, 1878 నాటి ఆయుధచట్టంతో భారతీయుని చేతులు కట్టివేసింది గదా! 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన నాడు మన తీరవాసులు అనుభవించిన భయం, లండను పేటల భయానికి తీసిపోదు. ఆర్వెల్‌కు ఈ వైరుధ్యం తెలియనిది కాదు. భారతదేశానికి తక్షణమే అధినివేశ ప్రతిపత్తి ఇచ్చి, కోరితే విడిపోయే హక్కు కూడ ఒప్పుకోవలెనని 1941లోనే వ్రాశాడు. అయినా ఆ ఏడాది ఆగస్టు నుండి బి.బి.సి.లో ఉద్యోగిగా భారతీయులకు ఆంగ్ల ప్రభుత్వపక్షాన ప్రసారాలు చేశాడు. రెండేళ్లు వృథా అయినవని పిమ్మట చింతించాడు. 1943 నవంబరులో ఆ ఉద్యోగం వదలుకొన్నాడు. అనారోగ్యం వల్ల కావలిదళాన్ని కూడ విడిచాడు.

ఆ నెలలోనే ‘యానిమల్ ఫారమ్’ రచన ప్రారంభించాడు. దానిని ఈ దృష్టితో మరల చదవండి. మొదట జంతువులన్నీ ఏకమై తమ పొలాన్ని తామే కాపాడుకొంటవి. యజమాని జారవిడిచిన తుపాకిని జెండాకొయ్య మొదట ఉంచి, ఏటా రెండు మారులు ఉత్సవంగా పేల్చుకొంటవి. తరువాత రహస్యంగా పెంచిన కుక్కలు ఒక్క పంది వెంట నడిచి తక్కినవాటిని వణికిస్తవి. అందరిదిగా ఉండిన రక్షణ ఒక్కని సొత్తు కావడంతోనే స్వాతంత్ర్యం అంతరించింది. స్పెయిన్‌లో చూచినదీ, సెయింట్ జాన్స్ వుడ్‌లో ఆశించినదీ ఈ కథలో కలసిపోయినవని నాకు తోస్తుంది. పలువురు ప్రచురణకర్తలు నిరాకరించిన ఆ గ్రంథాన్ని 1945 ఆగస్టులో వెలువరించినవాడు, ఒకప్పటి కార్పొరల్ వార్‌బర్గే.

1950 జనవరి 21న క్షయవ్యాధితో ఆర్వెల్ కన్నుమూశాడు. అప్పటికాతనికి నలుబదియారేళ్లు. ఊరికి కావలి కాయడం ఎంత పవిత్రమో, ఆ కావలి ఎవరి చేతిలో ఉన్నదో కనిపెట్టి ఉండడమూ అంత అవసరమని ఆతని జీవితం చెప్పుతున్నది. ఆ గ్రంథాన్ని బోధించే ఉపాధ్యాయులు పందుల కథతో పాటు, రాత్రివేళ వీధి మలుపున దగ్గుతూ నిలిచిన ఆ పొడుగాటి సార్జంటును కూడ తమ విద్యార్థులకు పరిచయం చేయుదురు గాక.