డోర్నకల్ అమ్మగారు: అన్బు మరియమ్మాళ్ మన వాడల స్త్రీలకు ఏం నేర్పారు?

కొత్తవాడలో మగ్గాల చప్పుడు సద్దుమణిగే వేళకు మేముండే సందులో స్త్రీల కూడిక మొదలవుతుంది. చాప పరిచి, వయసులో పెద్దామె ఒకరు నడుమ కూర్చుంటారు. వాక్యం చదివేది పది నిమిషాలే. ఆ తర్వాత గంటసేపు అసలు సంగతులు నడుస్తాయి. అత్త పెట్టే ఆరళ్లు, తాగొచ్చే మొగుడు, ఫీజు కట్టలేక బడి మానిన పిల్ల, గ్రూపు లోను కిస్తీ. పెద్దామె ఒకరికి ధైర్యం చెబుతారు, ఇంకొకరిని మందలిస్తారు, చివర ప్రార్థన చేసి పంపుతారు. దళిత ఉద్యమంలో ఉన్న మనం దీన్ని పెద్దగా పట్టించుకోం. మగవాళ్ల మీటింగులకు రికార్డులుంటాయి, చాప మీద కూడికకు ఉండవు.

ఈ కూడికల మూలాలు వెతుక్కుంటూ పోతే ఒక దారి డోర్నకల్‌కు చేరుతుంది. వరంగల్లులో రైలెక్కితే మహబూబాబాద్, గార్ల దాటాక వచ్చే జంక్షన్ అది. హనుమకొండ వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేస్తే, ఆ రైలు దారి పొడవునా ఆంగ్లికన్ సంఘం పెరిగింది. దాన్ని పెంచిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య పేరు చాలామందికి తెలుసు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ కథల్లో ఎప్పుడూ ఆయన పక్కన నిలబడి ఉంటారు. ఈసారి ఆమెను ముందుకు తెచ్చి చూద్దాం.

ఆమెది తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతం. అక్కడి ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఎక్కువమంది నాడార్లు. అజరయ్య 1874లో పుట్టింది కూడా అలాంటి నాడార్ కుటుంబంలోనే, వెల్లాలన్‌విలై అనే ఊళ్లో. ఇవాళ నాడార్లంటే వ్యాపారాలూ రాజకీయ బలమూ గుర్తుకొస్తాయి. అప్పటి లెక్క వేరు. తాటిచెట్లెక్కే ఆ కులాన్ని గుడిలోకి రానిచ్చేవారు కాదు. పక్కనే ఉన్న తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నారు. 1859లో గానీ రాజు అనుమతి రాలేదు. 1899లో గుడి ప్రవేశం మీద శివకాశి తగలబడింది. అన్బు, అజరయ్యల పెళ్లి జరిగింది దానికి ఏడాది ముందు, 1898లో. అంటే వాళ్లు బ్రాహ్మణ ఇళ్ల నుంచి దిగివచ్చిన సంస్కర్తలు కారు. అంటు అంటే ఏమిటో తాతల నోట విన్నవాళ్లు. అయినా మాల, మాదిగ స్త్రీ పడే బాధ వేరు. ఈ రెండు మాటల్లో ఏది వదిలేసినా అన్బు జీవితం అర్థం కాదు.

దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం లేకుండా పెళ్లయింది. ఆనాటి తిరునెల్వేలి క్రైస్తవుల్లో కూడా కట్నం గట్టిగానే ఉంది కనుక ఇది చిన్న విషయం కాదు. అజరయ్య అప్పుడు వై.ఎం.సి.ఏ. కార్యదర్శి, కాలికి బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం. తెల్లవాళ్ల డబ్బు లేకుండా, మనవాళ్ల డబ్బుతో, మనవాళ్లే చేసే మిషన్ కావాలని 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దానికి ఆయన ముఖ్యుడు. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతం. 1909లో ఆయన ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది అక్కడికి వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే.

మద్రాసులో ఉండి గౌరవంగా బతకగల చదువుకున్న ఆడామె, పిల్లల్ని వెంటేసుకుని భాష రాని చోటికి వచ్చిందన్నది ఈ కథలో రెండో వైపు. ముప్పై దాటాక ఇద్దరూ తెలుగు నేర్చుకున్నారు. ఆ తెలుగు కూడా పుస్తకాల తెలుగు సరిపోదు. దొరల పొలాల్లో వెట్టి చేసి, పొద్దుగూకాక ఇల్లు చేరే మాల, మాదిగ స్త్రీలతో మాట్లాడాలి. పగలు ఎవరూ దొరకరు. అందుకే ఈ సంఘాల్లో ఆరాధన, పాఠం అన్నీ దీపాలు పెట్టాకే. చదువు రాని వాళ్లు పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్చి బాప్తిస్మానికి నిలబడేవారు. సొంత బాణీల్లో కట్టిన పాటలతో క్రీస్తు కథ నేర్చుకునేవారు.

అన్బు పని ప్రధానంగా రెండు చోట్ల నడిచింది. ఒకటి డోర్నకల్‌లోనే. ఉపదేశులుగా, గురువులుగా తయారయ్యే మగవాళ్లు భార్యాపిల్లలతో వచ్చి అక్కడ ఉండేవారు. మగవాళ్లకు వేదాంతం చెబుతుంటే భార్యలకూ అక్షరాలు, బైబిలు, కుట్టుపని, పసిపిల్లల సంరక్షణ నేర్పేవారు. ఈ ఏర్పాటు గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఊళ్లోకి వెళ్లాక ఉపదేశి బడి నడుపుతాడు, ప్రార్థన చేస్తాడు. ఆడవాళ్ల గుడిసెల్లోకి వెళ్లేది మాత్రం ఆయన భార్యే. కాన్పు దగ్గర, చావు దగ్గర, కొట్లాట దగ్గర ఉండేది ఆమే. జీతం ఆయన పేరు మీద, పని ఇద్దరిదీ. ఇవాళ పల్లెల్లో పాస్టరు భార్యను అమ్మగారు అని పిలిచే గౌరవం వెనుక ఈ జీతం లేని చాకిరీ ఉంది. అది గౌరవమా, దోపిడీనా అని మా మిత్రులతో చాలాసార్లు వాదించుకున్నాం. రెండూ అనే మేం అనుకుంటున్నాం.

రెండో చోటు మదర్స్ యూనియన్. 1876లో ఇంగ్లండులో మేరీ సమ్నర్ మొదలుపెట్టిన తల్లుల సంఘం అది. డోర్నకల్ డయాసిస్‌లో దాన్ని నడిపించింది అన్బు. బిషప్ ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊళ్లు తిరిగేవారు. ఆయనతో ఆమె వెళ్లిన ఊళ్లలో ఆయన మగవాళ్లతో కూర్చుంటే ఆమె ఆడవాళ్లతో కూర్చునేవారు. ఇంట్లో ప్రార్థన, పిల్లల శుభ్రత, ఆడపిల్లకు చదువు, చిన్నతనంలో పెళ్లి వద్దనడం ఇవీ పాఠాలు. మరొకటి పిడికెడు బియ్యం. అన్నానికి ఎసరు పెట్టే ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన వేయాలి, ఆదివారం గుడిలో ఇవ్వాలి. కూలి గింజలతో బతికే ఇంట్లో అదేం దానం అని మొదట మాకూ అనిపించింది. కానీ ఎప్పుడూ అడుక్కునే చేయిగా, దొర గడపలో ఒడి పట్టే చేయిగా చూడబడిన స్త్రీ మొదటిసారి ఇచ్చే చేయి అయింది. ఉపదేశి జీతంలో తన గింజలున్నాయి కనుక ఉపదేశిని ప్రశ్నించే నోరు కూడా వచ్చింది.

ఇప్పుడు చేదు సంగతి. మదర్స్ యూనియన్ ఇంగ్లండు మధ్యతరగతి పెళ్లిని నెత్తిన పెట్టుకున్న సంస్థ. విడాకులు తీసుకున్న స్త్రీకి అందులో చోటు లేదు, ఆ నియమం మారడానికి 1970ల దాకా పట్టింది. మన వాడల్లో పద్ధతి వేరు. పెళ్లి చెడితే కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు పోయే దారి మాల, మాదిగ స్త్రీకి ఉండేది. ముండమోసినా మళ్లీ మనువాడొచ్చు. బ్రాహ్మణ స్త్రీకి లేని ఈ స్వేచ్ఛను సంఘం క్రమశిక్షణ పేరుతో బిగించింది. దానికి బదులుగా ఇచ్చింది కూడా ఉంది. రెండో పెళ్లాన్ని తెచ్చే మగవాడు, తాగి కొట్టే మగవాడు సంఘ పెద్దల ముందు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆడపిల్లను జోగినిగా విడవడం క్రైస్తవ ఇళ్లలో ఆగింది. లాభనష్టాల లెక్క తేల్చమంటే మాకు చేతకాదు. అయితే పెళ్లి పవిత్రం, ఓర్చుకో అని కొత్తవాడ చాప మీద ఇప్పటికీ వినిపించే మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలుస్తుంది.

డప్పు సంగతీ ఇలాంటిదే. చచ్చిన గొడ్డు మాంసం, కల్లు, జాతరలో డప్పు మానేయాలని మిషన్లు చెప్పాయి. ఊరి జాతరలో డప్పు కొట్టడం వెట్టే కనుక మానడం తిరుగుబాటే. కానీ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తుకున్నాక, తాతలు ఎందుకు దించారో మనవలకు వివరించడం కష్టమైంది.

మాల, మాదిగలు ఒకే గిన్నెలో ప్రభు భోజనం తీసుకోవాలని అజరయ్య పట్టుబట్టారు. చాలా చోట్ల అది జరిగింది. గుడి దాటి వియ్యం దాకా రావడం మాత్రం అరుదు. ఆడవాళ్ల కూడికల్లోనే ఈ గోడ ముందు పగలాల్సింది, ఎందుకంటే ఎవరింట్లో నీళ్లు తాగాలో, ఎవరి పిల్లను చేసుకోవాలో తేల్చేది అక్కడే. అన్బు తరం నేర్పిన గృహపాఠాల్లో శుభ్రతకు దక్కినంత చోటు ఈ విషయానికి దక్కలేదన్నది మా ఫిర్యాదు.

రాజకీయాల్లోనూ తేడా ఉంది. 1930లలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య వాదించారు. సంఘం రాజకీయ తెగ కాకూడదన్నది ఆయన ఉద్దేశం. మరోపక్క మన వాడల మతమార్పిడిని తప్పుపట్టిన గాంధీకి ఎదురు నిలిచారు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. కానీ రక్షణలు వద్దన్న పెద్దల మాట భారం పేదల మీద పడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి బయట పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో వారికి దక్కింది బి.సి.-సి కింద ఒక శాతం. సర్టిఫికెట్టులో ఒక మతం, ఇంట్లో ఇంకో మతం పెట్టుకుని బతికే బాధ ఎక్కువగా ఆడవాళ్లదే. కాలేజీలో చేరే కూతురి పేరు మేరీ అని రాయాలా, మానుకోవాలా అన్నది ఇవాళ్టి తల్లి ప్రశ్న.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే చనిపోయారు. అప్పటికి డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు, అత్యధికులు మాల, మాదిగలే. ఆయనకు గుర్తుగా 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ ఉంది, గుడి, మసీదు, చర్చి పోకడలు కలిపి కట్టింది, రైల్లో వెళ్లేవాళ్లు దిగి చూడాల్సిందే. అన్బుకు గుర్తు రాయితో కట్టలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక స్త్రీల మైత్రి పేరుతో ఆడవాళ్ల పని సాగింది. 2013లో నంద్యాలకు బిషప్‌గా వచ్చిన ఎగ్గోని పుష్పలలిత ఆ సంఘంలో తొలి మహిళా బిషప్. నంద్యాల ఒకప్పుడు డోర్నకల్ డయాసిస్‌లోని ముక్కే. ఉపదేశి భార్యగా మాత్రమే స్త్రీకి చోటున్న చోట ఈ మార్పుకు ఒక శతాబ్దం పట్టింది.

మొన్నటి కూడికలో పెళ్లయి ఆరు నెలలైన ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. ఓర్చుకోమని పెద్దామె ఎప్పటిలాగే మొదలుపెట్టి, మధ్యలో ఆగి, అమ్మాయి మెడ మీది కమిలిన మచ్చను చీర పక్కకు జరిపి చూశారు. తర్వాత బైబిలు మూసేసి, ఆ రాత్రికి తన ఇంట్లోనే పడుకోమన్నారు. పొద్దున్నే ఇద్దరూ కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు.